హీటర్ మీద మందుల డబ్బా

ఫ్లాట్ బుష్, ఆక్లాండ్
11 మే 2025

చి.సౌ. అనంతలక్ష్మికి అక్కయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నేను "ఆ, ఆ" అన్నవన్నీ ఏమీ వినపడక అన్నవే. చెవి మిషన్ పెట్టుకుంటే నీ గొంతు కంటే మీ వంటింటి కుళాయి బాగా వినిపిస్తోంది. పైగా మీ ఇంట్లో ఫోను స్పీకర్లో పెట్టి కూతురు, అల్లుడు, మొగుడు అందరి సమక్షంలో మాట్లాడతావు. అది మాట్లాడటం కాదు, వందన సమర్పణ. కనుక ఇకమీదట ఉత్తరాలే. పోస్టు వాడు వారం రోజులు తీసుకుంటే తీసుకుంటాడు. మనకేం రైలు తప్పిపోతుందా.

ఇక్కడి విశేషం ఒకటుంది. మా సిరికి స్కూల్లో ఇంటి కరెంటు మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఏ వస్తువు రోజుకి ఎన్ని యూనిట్లు తింటుందో రాయాలి. అది రెండు రోజులు రాసి వదిలేసింది. నేను వదల్లేదు. "బామ్మా, స్టాప్. ప్రాజెక్ట్ డన్" అంటుంది. పదేళ్ళ పిల్లకి ప్రాజెక్టు అయిపోతుంది గాని, ముప్పై నాలుగేళ్ళు కాకినాడ ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదానికి ఎలా అయిపోతుంది?

మొదటి రోజు లెక్క ముప్పై ఒక్క యూనిట్లు. నలుగురు మనుషులకి. మా కోడలు కావ్యశ్రీ వేడిగాలి ఊదే హీట్ పంపు ఇరవై అయిదు డిగ్రీల్లో పెట్టి, పొట్టి చేతుల చొక్కా వేసుకుని, ఐస్‌క్రీమ్ తింటుంది. ఉతికిన బట్టలు బయట ఎండ ఉండగా డ్రయ్యర్లో తిరుగుతాయి. గిన్నె మీద మూత పెట్టడం ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను ఒక్కొక్కటే పట్టుకున్నాను. మూతలు పెట్టించాను. బట్టలు చన్నీళ్ళలో ఉతికి తీగ మీద ఆరేస్తున్నాం. స్నానం అయిదు నిమిషాలు. సాయంత్రం ఎండ పోకముందే కర్టెన్లు దించేస్తే పగటి వెచ్చదనం గదిలోనే ఉంటుంది. మన గిరిధర్ చూసి, "అమ్మా, ఇది ఇల్లా, ల్యాబా?" అన్నాడు. ల్యాబైతే నీకు ఎప్పుడో టీసీ ఇచ్చి పంపేదాన్ని అన్నాను. ఇవాళ్టికి పందొమ్మిది యూనిట్లు.

ఇదంతా పిసినారితనం అనుకోకు. ఈ దేశంలో కరెంటు చాలా మటుకు నీళ్ళ నుంచి వస్తుంది. కానీ మే నుంచి ఆగస్టు దాకా ఈ చలికాలం సాయంత్రాలు అందరూ ఒక్కసారే మీటలు నొక్కేసరికి బొగ్గూ గ్యాసూ మండించాల్సి వస్తుంది. ఆ పొగ సిరి పెద్దయ్యాక పీల్చేది. నేనెలాగూ ఉండను.

హీటర్ల సంగతి అడుగుతావేమో. హీటర్ అనేది స్వెట్టర్ ఎక్కడ పెట్టారో మరిచిపోయిన వాళ్ళ కోసం కనిపెట్టిన వస్తువు. చలి బద్ధకస్తుల జబ్బు. నాకు ఈ దేశం వచ్చిన ఆరేళ్ళలో ఒక్కనాడు చలి వేయలేదు.

మీ ఇంటి లెక్క కూడా రాసి పంపు. ఎవరు గెలుస్తారో చూద్దాం. మరిది దగ్గు ఎలా ఉంది? రైస్ మిల్లు దుమ్ము ముప్పై ఏళ్ళు పీల్చిన ఊపిరితిత్తులవి, జాగ్రత్త.

చెవులు తప్ప అన్నీ పనిచేస్తున్న నీ అక్క,
రమామణి


పామర్‌స్టన్ నార్త్
24 మే 2025

అక్కయ్యకు అనంతలక్ష్మి నమస్కారాలు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. నవ్వి నవ్వి దగ్గొచ్చి, దగ్గి దగ్గి మళ్ళీ నవ్వారు. దగ్గు ఫరవాలేదు. మామూలే.

నువ్వు చెప్పినవన్నీ మొదలుపెట్టాను. మన లోకేశ్ ఫోనులో ఏదో ఉంది, ఏ రోజు ఎన్ని యూనిట్లో అందులో కనిపిస్తుంది. రోజూ భోజనాలప్పుడు చూసి చెబుతున్నాడు. ఇరవై ఆరు ఉండేది ఇరవై అయింది, తర్వాత పదిహేడు, ఇప్పుడు పదిహేను. నిన్న అందరి ముందూ, "అత్తయ్యగారు వచ్చాక మన ఇంటికి సోలార్ పెట్టించినట్టుంది" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నీకు తెలుసు గదా, కొడుకు ఇంట్లో ఉండటం వేరు, అల్లుడి ఇంట్లో ఉండటం వేరు. అతను బంగారం, ఒక్క మాట అనడు. అనడు కనకనే నాకు ఇంకా మొహమాటం. ఇద్దరం వచ్చి కూర్చుని తింటున్నాం. ఈ ఒక్క విషయంలోనైనా నా వల్ల వాళ్ళకో మేలు జరుగుతోంది. అది నీ చలవ.

అలేఖ్యకి హాస్పిటల్లో అన్నీ నైట్ డ్యూటీలే. పొద్దున్నే వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని చూసి, అప్పుడు పడుకుంటుంది. లోకేశ్ మా గదికి కరెంటుతో కాగే నూనె హీటర్ ఒకటి కొన్నాడు. తెల్లగా, ఎంతో బాగుంది. మంచం పక్కనే పెట్టాడు. దాని మీద తువ్వాలు మడిచి వేసి, ఆయన మందుల డబ్బా పెట్టాను. చెయ్యి చాపితే అందుతుంది.

ఒక సందేహం. పొద్దున లేచేసరికి కిటికీ అద్దాల మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. గాలి రాకుండా సందులకి టేపు కూడా అంటించాను, అయినా ఎక్కణ్ణుంచి వస్తున్నాయో. ఇక్కడ ఎప్పుడూ వానా గాలీ, అందుకని ఆయన బట్టలు గదిలోనే తాడు కట్టి ఆరేస్తున్నాను. మంచం వెనక గోడ మీద నల్లటి చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. వాటికేమైనా ఉపాయం చెప్పు.

మేమిద్దరం రెండేసి స్వెట్టర్లు వేసుకుంటున్నాం. ఆయన మంకీ క్యాపు పెట్టుకుంటే చూడాలి నువ్వు.

నీ చెల్లెలు,
అనంత


ఫ్లాట్ బుష్
4 జూన్ 2025

చి.సౌ. అనంతకు ఆశీస్సులు.

పదిహేనా? మళ్ళీ చదివాను, పదిహేనే. చిన్నప్పుడు లెక్కల్లో నా పలక చూసి రాసినదానివి, ఇప్పుడు నన్నే దాటిపోయావు. ఆ ఉత్తరం గిరిధర్‌కి చూపించలేదు. వాడు ఫ్రిజ్ మీద అంటిస్తాడు.

నీ నీళ్ళ సందేహం తీరుస్తాను. అవి బయటినుంచి రావడం లేదు తల్లీ, మీరే పోస్తున్నారు. ఇద్దరు మనుషుల ఊపిరీ, ఆ తడిబట్టలూ. ఒక తాడు బట్టల్లోంచి లీటర్ల కొద్దీ నీళ్ళు గాలిలోకి పోతాయి. అవి చల్లటి అద్దం తగిలి మళ్ళీ నీళ్ళవుతాయి. ఆ నల్లచుక్కలు బూజు. ఊపిరితిత్తులకి దానంత శత్రువు లేదు. వెంటనే టేపు పీకెయ్. రోజూ పగలు పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు బార్లా తీసి పెట్టు. బట్టలు గరాజ్‌లో ఆరేయ్. మంచాన్ని గోడకి జానెడు దూరం జరుపు. గోడ తుడిపించు, నువ్వు తుడవకు, లోకేశ్‌కి చెప్పు. పొడి గది త్వరగా వెచ్చబడుతుంది, తక్కువ కరెంటుకే. పొదుపూ ఆరోగ్యమూ ఒకే కిటికీలోంచి వస్తాయి. ఈ వాక్యం బాగుంది, సిరి ప్రాజెక్టులో రాయమంటే రాయలేదు.

నువ్వు గెలిచావని ఉక్రోషం వచ్చి నేను మా హీట్ పంపు పదహారుకి దించాను. సిరి రెండు సార్లు తుమ్మింది. కావ్యశ్రీ లేచి వెళ్ళి ఇరవై చేసింది. ఆ మీట దగ్గర నిలబడి నా వైపు చూసిందంతే. ఈ కాలం కోడళ్ళు మాటల్లో కూడా పొదుపు నేర్చారు.

మరిదిగారిని ఎక్కువ నవ్వించకు.

ఓడిపోయిన నీ అక్క,
రమామణి


పామర్‌స్టన్ నార్త్
19 జూన్ 2025

అక్కయ్యకు నమస్కారాలు.

ఎక్కువ రాయలేకపోతున్నాను, ఏమనుకోకు. ఆయనకి నాలుగు రోజులుగా జ్వరం. ఫ్లూ అన్నారు. డాక్టరు మందులిచ్చాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదని దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నారు. తగ్గుతుందిలే.

టేపు తీసేశాను. నువ్వు చెప్పినట్టే కిటికీలు తీస్తున్నాను. అద్దాల మీద నీళ్ళు తగ్గాయి. ఇక్కడ గాలి మాత్రం నీకు తెలియదు అక్కయ్యా, పక్క మీది దుప్పటి లేచిపోతుంది. నిన్న పద్నాలుగు యూనిట్లు.

ఆయన కింద రెండు ముక్కలు రాస్తామంటున్నారు.

అనంత

వదినగారికి నమస్కారములు. మీ చెల్లెలు మా ఇంట్లో ఇప్పుడు కరెంటు మంత్రి. నేను మాట్లాడుతుంటే స్విచ్ ఎక్కడుందా అని వెతుకుతోంది. మీరు ఒకసారి వచ్చి ఈమెను పదవి నుండి తొలగించవలెనని కోరుతున్నాను. ఇట్లు, రామమోహన్.


ఫ్లాట్ బుష్
1 జూలై 2025

చి.సౌ. అనంతకు ఆశీస్సులు.

ఉత్తరం నిన్న అందింది. అంటే పదకొండు రోజులు. నడిచి వచ్చినా ఇంతకంటే ముందే వచ్చేది. ఈపాటికి మరిదికి జ్వరం తగ్గి ఉంటుంది.

కిటికీలు తీయమన్నాను గాని, జ్వరం మనిషిని గాలిలో కూర్చోబెట్టి తీయమనలేదు. ఆయన్ని హాల్లోకి పంపి తీయాలి. పది నిమిషాలయ్యాక మూసేసి, హీటర్ వేసి గది వెచ్చబరిచి, అప్పుడు తీసుకురావాలి. ఆయనున్న గదిలో రాత్రీ పగలూ పద్దెనిమిది డిగ్రీలకి తగ్గకూడదు. అయినా ఇంట్లో నర్సును పెట్టుకుని నేను చెప్పడం ఏమిటి. అలేఖ్య చూసుకుంటూనే ఉంటుంది.

మరిదిగారికి: మీ అర్జీ అందింది. మంత్రిగారిని తొలగించే అధికారం నాకుంది కాని, ఆవిడ పనితీరు నాకంటే బాగుంది కనుక అసూయతో తొలగించానంటారు. కొంచెం ఓపిక పట్టండి. వసంతం రాగానే స్వయంగా వచ్చి విచారణ జరుపుతాను. అప్పటిదాకా మాట్లాడటం మానకండి.

రమామణి


పామర్‌స్టన్ నార్త్
10 ఆగస్టు 2025

అక్కయ్యకు,

ఆయన పోయి అయిదు వారాలు దాటింది. నువ్వు వచ్చి పదమూడు రోజులూ నా పక్కనే ఉన్నావు. అప్పుడు నోరు రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు జూలై ఒకటిన రాసిన ఉత్తరం ఆయన పోయిన మూడో రోజున వచ్చింది. ఆ హడావుడిలో దేవుడి పటం వెనక పెట్టాను. నువ్వు ఇంట్లో ఉండగా అది అక్కడే ఉంది. నిన్న విప్పాను. పద్దెనిమిది డిగ్రీలు అని రాశావు.

అక్కయ్యా, మా గదిలో హీటర్ వేయలేదు. ఒక్క రోజు కూడా పూర్తిగా వేయలేదు.

అలేఖ్య డ్యూటీ నుంచి ఏడున్నరకి వస్తుంది. ఏడుంబావుకి డబ్బా తీసి, తువ్వాలు తీసి, వేసేదాన్ని. అది వచ్చి మొదట హీటర్ మీద చెయ్యి పెట్టి చూసేది. "గుడ్ అమ్మా, వెచ్చగా ఉంది. ఆపకండేం" అని వెళ్ళి పడుకునేది. దాని గది తలుపు పడగానే ఆపేసేదాన్ని. కన్నకూతురిని అలా మోసం చేశాను. ఆయనకి తెలుసు. మొదట్లో, "ఎందుకే, అతనే కొన్నాడు గదా" అన్నారు. నేను, "పదిహేను దాటితే భోజనాల దగ్గర ఎలా కూర్చుంటాను" అన్నాను. ఆయనకీ అదే మొహమాటం. జ్వరం వచ్చాక కూడా అడగలేదు. హాస్పిటల్‌కి తీసుకెళ్ళే రోజు మాత్రం, "అక్కడ వెచ్చగా ఉంటుందిలే" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

అలేఖ్య రోజూ ఏడుస్తోంది. "నేను నర్సునమ్మా, రోగులందర్నీ చూస్తాను, మా నాన్న జబ్బు నాకు కనిపించలేదు" అంటోంది. లోకేశ్ వెళ్ళి గరాజ్‌లో నిలబడుతున్నాడు. ఆ గోడంతా అతనే మళ్ళీ రంగు వేశాడు. నేను చెబితే దాని ఏడుపు ఆగుతుందేమో. చెబితే నా మొహం చూస్తుందా?

నువ్వు చదువుకున్నదానివి. నన్ను ఓదార్చకుండా ఒక్క మాట చెప్పు. హీటర్ వేసి ఉంటే ఆయన ఉండేవారా?

ఇప్పుడూ ఆ గదిలోనే పడుకుంటున్నాను. హీటర్ వేయడం లేదు. ఒక్క మనిషి కోసం ఎందుకు.

అనంత


ఫ్లాట్ బుష్
18 ఆగస్టు 2025

చి. అనంతకు,

చి. తర్వాత చెయ్యి అలవాటు కొద్దీ ఇంకో అక్షరం రాయబోయింది. ఆపాను.

నువ్వు అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. ఆయనకి ఫ్లూ వచ్చింది, అది న్యుమోనియా అయింది. ఊపిరితిత్తులు అంతకుముందే పాడై ఉన్నాయి. ఇవన్నీ నిజాలు. చల్లటి చెమ్మగది వీటికి తోడయింది. అదీ నిజమే. ఎంత వంతు అంటే ఆ లెక్క నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా ఉండదు. హీటర్ వేసి ఉంటే ఈ చలికాలం దాటేవారేమో. దాటకపోయేవారేమో. "నీ తప్పేం లేదు" అని ఒక్క ముక్క రాసెయ్యొచ్చు. నువ్వు నమ్ముతావు కూడా. నేను ఏం చెప్పినా నువ్వు నమ్మడమే ఇంతదాకా తెచ్చింది గనక ఆ పని ఇంకోసారి చేయను.

ఇప్పుడు నా వంతు. నీ మే నెల ఉత్తరం తీసి చదివాను. హీటర్ మీద తువ్వాలు మడిచి వేసి మందుల డబ్బా పెట్టానని రాశావు. దాచలేదు నువ్వు, రాశావు. వేసే హీటర్ మీద ఎవరూ తువ్వాలు కప్పరు, మందులు పెట్టరు. ఫస్టియరు పిల్ల అయినా పట్టుకుంటుంది. నేను చదివి దాటిపోయాను. పోనీ, ఆ పదిహేను యూనిట్లు. నీళ్ళు కాగడానికి ఏడు, వంటకీ ఫ్రిజ్‌కీ మూడు, దీపాలూ ఉతుకూ రెండు, సాయంత్రం మీ హాల్లో హీట్ పంపుకి మూడు. పదిహేను అయిపోయాయి. మీ గదికి మిగిలింది సున్న. ఈ కూడిక వేయడానికి నాకు ఇవాళ అర నిమిషం పట్టింది. జూన్‌లో వేయలేదు. ఎందుకంటే నీ అంకె చూసి ఉడుక్కున్నాను, ఆ అంకె వెనక ఇద్దరు మనుషులున్నారని చూడలేదు.

మూతలు పెట్టమన్నానా, కర్టెన్లు దించమన్నానా, అవి ఎవరికీ చెడు చేయవు. ఇంకా చెబుతాను, ఊరందరికీ చెబుతాను. కానీ వృథా ఆపడం పొదుపు, మనిషికి కావలసింది ఆపడం పొదుపు కాదు. ఆ తేడా మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. దాని బదులు స్వెట్టర్ మీద జోకు రాశాను. నువ్వు పాఠం పక్కన పెట్టి జోకును పాటించావు. మా ఇంట్లో నా మాట వినని కోడలుంది, లేచి వెళ్ళి మీట తిప్పింది, సిరి బాగుంది. మీ ఇంట్లో ఆ పని చేసేవాళ్ళు లేరు. ఉన్న ఒక్కరూ తొలగించమని నాకు అర్జీ రాశారు. దానికి నేను హాస్యమాడాను.

అలేఖ్యకి చెప్పు. దాని చెయ్యి అబద్ధం చెప్పలేదు, అది ముట్టుకున్నప్పుడు హీటర్ వెచ్చగానే ఉంది. ఆ సంగతి దానికి తెలియాలి. లేకపోతే జీవితాంతం ప్రతి రోగి దగ్గరా తన చేతిని తను అనుమానించుకుంటుంది. కోప్పడుతుంది. కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు. భరించాలి. ఒక్కదానివి చెప్పకు. నేను వచ్చాక చెబుదువుగాని, నీ పక్కన కూర్చుంటాను. కోపమంటూ వస్తే పంచుకోవడానికి నా భాగం నాకుంది. మీరిద్దరూ మొహమాటపడిన ఆ పదిహేను అంకె అతనికి ఎప్పుడూ అక్కర్లేదని లోకేశ్ నోటి నుంచి నువ్వు వినాలి. అతను దాచుకోవడానికి కాదు హీటర్ కొన్నది.

ఈ నెల ముప్పయ్యిన బస్సులో వస్తున్నాను. గిరిధర్ విమానం అన్నాడు, వద్దన్నాను. చలికాలం పోయేదాకా నీతోనే ఉంటాను. ఆ గదిలోనే పడుకుంటాను, ఆయన మంచం మీద.

ఉత్తరం అందగానే హీటర్ మీద డబ్బా తీసెయ్. తువ్వాలు తీసెయ్. నేను వచ్చేసరికి గది పద్దెనిమిది డిగ్రీలు ఉండాలి. ఒక్క మనిషి కోసం ఎందుకన్నావు. నీ కోసం వేయవని నాకు తెలుసు, నీ కోసం వేయమనడం లేదు. నా కోసం వేయి.

నాకు చలి వేస్తుంది అనంతా. ఈ దేశం వచ్చిన రోజు నుంచీ వేస్తూనే ఉంది.

అక్క